అరుగు మీది కొండ గురువు

సత్రం ముందు చెక్క అరుగు మీద, మంచి ఎండ పడే చోటు చూసుకుని కువబరా గారు పొద్దున్నే కూర్చుంటారు. పూర్వమెప్పుడో మంచునది తొలిచిన గిన్నెలాంటి లోయ మాది. మూడు పక్కలా నిట్టనిలువు కొండగోడలు, అడుగున సత్రం. ఆయన బూట్లకు ఇంతవరకు ఒక్క గీత పడలేదు. మెడలో బైనాక్యులర్, పక్కన బీరు, ఒళ్ళో వేడివేడి ఓదెన్ పులుసు. అందులోని ముల్లంగి ముక్క ఊదుకుంటూ, గోడ ఎక్కేవాళ్ళకు వంకలు పెడతారు. “ఆ కాలు చూడండి, మంచం దిగుతున్నట్టు లేదూ!” ఆయన ఎక్కగా చూసినవాళ్ళు లేరు. అడిగితే మోకాలు తడుముకుంటారు. కొత్తవాళ్ళు మాత్రం “గురువుగారూ” అంటారు. ఆ పిలుపు కోసమే ఆయన ఏటా వస్తారని నా అనుమానం.

మొన్న భార్య మిత్సుయో గారు లోపల పడుకున్నారని చెప్పి, ఆయన యథాప్రకారం కొలువు తీరారు. సగం గోడ మీద ఒక ఎర్ర హెల్మెట్ ఆగింది. “ఎవరి పెళ్ళామో గానీ, ఇంట్లో వంట చేసుకోక ఎందుకొచ్చిన తిప్పలు! ఎడమకమ్మా, ఎడమకి!” అని అరిచారు. ఆ లోయలో దగ్గినా పైకి వినిపిస్తుంది.

“ఎడమన రాళ్ళు ఊడొస్తున్నాయండీ,” అని పైనుంచి మిత్సుయో గారి గొంతు తాపీగా పలికింది. “మీరు ముల్లంగి తినండి, చల్లారిపోతుంది.”

అరుగంతా గొల్లున నవ్వింది. ఆవిడ కుడివైపు నుంచి చకచకా ఎక్కిపోయింది.

“మీ ఆవిడా?” అంది ఓ కొత్తమ్మాయి.

కువబరా గారు బీరు ఓ గుక్క తాగి, మూతి తుడుచుకున్నారు.

“నేర్పింది నేనే,” అన్నారు.