ఆసుపత్రిలో అనకూడని మాట

మా తోడికోడలిని లాండ్రీలో అందరూ ఇస్త్రీ అక్క అంటారు. హోటళ్ళ నుంచి వచ్చే దుప్పట్లు, దిండు గలేబులు మా దగ్గర ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి పంపుతారు. ఆవిడది ఆవిరి ఇస్త్రీ, నాది ఆ పక్కనే మడత బల్ల. మడత కాస్త వంకరపోయినా విప్పి నా మొహాన కొడుతుంది. ఇంట్లో పెద్దకోడలు, పనిలోనూ నాకంటే పెద్దది. ఇక చెప్పేదేముంది, నా బతుకంతా ఆవిడ ఇస్త్రీ కిందే.

ఆవిడకున్న పట్టింపుల్లో పెద్దది మాట పట్టింపు. ఎవరింటి నుంచి బయల్దేరినా "వెళ్తాను" అనదు, "వెళ్ళొస్తాను" అంటుంది. అందరం అనేదే, అందులో వింతేం లేదు. కానీ ఆసుపత్రిలో మాత్రం ఆ మాట చచ్చినా అనదు. మందులు చేతిలో పడగానే వెనక్కి తిరిగి చూడకుండా చక్కా వచ్చేస్తుంది. వాళ్ళమ్మ ఒకసారి నర్సుతో నవ్వుతూ "వెళ్ళొస్తానమ్మా" అని ఇంటికొచ్చిందట. అన్నట్టే కొన్నాళ్ళకు మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఇంటికి రాలేదు. ఆవిడ రొమ్ములో గడ్డ ఉన్న సంగతి స్నానం చేయిస్తున్నప్పుడు ఈవిడే చూసింది. అప్పటికే ఆలస్యమైపోయింది. అది ఆ మాట వల్ల జరగలేదని నేను చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా ఆవిడకు ఎక్కలేదు.

ఒకరోజు లాండ్రీ ఆవరణలోకి ప్రభుత్వ ఆరోగ్యశాఖ వ్యాను వచ్చింది. ఆడవాళ్ళకు రొమ్ము క్యాన్సర్ పరీక్ష, ఉచితంగా, పనిగంటల్లోనే, జీతం కోత లేకుండా. అందులో ఉన్న నర్సు కొత్తపిల్ల, పాపం మహా మర్యాదస్తురాలు. రెండేళ్ళకోసారి ఈ పరీక్ష చేయించుకోవాలి కాబట్టి, దిగిపోయే ప్రతి ఒక్కరితోనూ "మళ్ళీ రండమ్మా" అంటోంది. బట్టల కొట్టులో అనాల్సిన మాట. మావాళ్ళంతా మూతులు ముడుచుకుని దిగారు. ఇస్త్రీ అక్కయితే మెట్టు మీద ఒక కాలు పెట్టి అంతెత్తున లేచింది.

"ఏమ్మాయ్, క్యాన్సర్ పరీక్ష చేసి మళ్ళీ రమ్మంటావా? నీ నోట్లో మంచి మాటే లేదా?"

వరసలో ఉన్నవాళ్ళందరూ వంత పాడారు. సూపర్‌వైజరు వచ్చి సర్దిచెప్పాల్సి వచ్చింది. ఆ పిల్ల బిక్కమొహం వేసి, ఇక ఆ మాట అననని ఒప్పుకుంది. అప్పుడుగానీ మా అక్క లోపలికి వెళ్ళలేదు.

ఫలితాలు చెప్పడానికి వ్యాను మరోసారి వచ్చింది. అక్క తాపీగా దిగి వచ్చి ఇస్త్రీ అందుకుంది.

"ఏమందక్కా?" అని అడిగాను.

"పెద్దాసుపత్రిలో ఒకసారి చూపించుకుంటే బాగుంటుందమ్మా అంది. నా బదులు ఈ దుప్పట్లు ఇంకెవరైనా చేస్తే ఇంకా బాగుంటుంది, చేస్తావా?"

ఇద్దరం నవ్వుకున్నాం. "బాగుంటుంది" అనేది మా ఇళ్ళలో కూరలో ఉప్పు గురించి అనే మాట. పడితే పడింది, లేకపోతే లేదు.

తెలియని నంబర్ల నుంచి ఫోన్లొస్తే ఆవిడకు గిట్టదు, అందుకని వ్యానులో నా నంబరు ఇచ్చింది. కొన్నాళ్ళకు నేను మడతల్లో మునిగి ఉండగా ఆ నర్సే ఫోన్ చేసింది.

"మీ అక్కగారు ఆసుపత్రికి వెళ్ళారా అండీ?"

"లేదమ్మా. వెళ్తే బాగుంటుందన్నావట కదా, తీరిక చూసుకుని వెళ్తుందిలే."

"బాగుంటుంది కాదండీ. ఆవిడ మళ్ళీ రావాలి. పెద్దాసుపత్రికి తప్పకుండా రావాలి. ఎక్స్‌రేలో మచ్చలాంటిది కనిపించింది. ముక్క తీసి చూస్తేగానీ ఏమిటో తెలీదు. ఆరోజు అందరూ తిట్టారు కదండీ, ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు."

నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీదో, మా అక్క మీదో, పక్కన నిలబడి ఇకిలించిన నా మీదో తెలియదు. వెళ్ళి ఫోన్ అక్క చెవికి ఆనించాను.

"ఆ మాట ఈవిడతో అనమ్మా. గట్టిగా అను."

"మీరు మళ్ళీ రావాలమ్మా" అనడం ఆవిరి చప్పుడులో నాకు కూడా వినిపించింది. అక్క ఆ పిల్లను తిట్టలేదు. బల్ల మీదున్న దుప్పటి చివరిదాకా చేసి, స్విచ్చి ఆపేసింది. పని మధ్యలో ఆవిడ ఇస్త్రీ ఆపడం నేను చూడటం అదే మొదటిసారి.

"మా అమ్మకీ ఇలాగే..." అని ఆగిపోయింది. "నాకు భయంగా ఉందే. నువ్వు నాతో వస్తావా?" అంది.

"రాకుండా ఎక్కడికి పోతాను?" అన్నాను.

అది క్యాన్సరే. కానీ చిన్నది, కందిపప్పు బద్దంత, ఇంకెక్కడికీ పాకలేదు. ఆపరేషన్ చేశారు, ఆ తర్వాత కొన్నాళ్ళు రేడియేషన్, అదే మా మాటలో కరెంటు, పెట్టారు. అన్నం సయించక మనిషి సగమైంది. ఆవిడ ఇస్త్రీ నేను అందుకుని గలేబులు మాడ్చాను. ఆ కబురు ఎవరు మోశారో ఏమో, మంచం మీద నుంచే ఫోన్ చేసి చెడామడా తిట్టింది. ఆ తిట్లు విన్నాకే నాకు ధైర్యం వచ్చింది.

చివరి విడత అయ్యాక, ఇప్పటికి భయం లేదని, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోమని డాక్టరు చెప్పాడు. ఆ వ్యాను నర్సు ఆరోజు అక్కడే డ్యూటీలో ఉంది. మమ్మల్ని గుర్తుపట్టి తలుపు దాకా వచ్చింది. మాట ఎక్కడ జారుతుందోనని ఆచితూచి, "జాగ్రత్తగా వెళ్ళండమ్మా" అంది.

అక్క గడప దాటి, ఆగి, వెనక్కి తిరిగింది.

"వెళ్ళొస్తానమ్మాయ్" అంది.

ఆ పిల్ల కంగారుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఇక్కడ అలా అనకూడదమ్మా!"

"రావాలంటే బతికుండాలి కదే పిచ్చిమొహమా. అందుకే అంటున్నా. వెళ్ళొస్తాను."

నేను బస్సెక్కాక కూడా ముక్కు చీదుకుంటూనే ఉన్నాను. ఆవిడ కిటికీ పక్కన సర్దుకుని కూర్చుని, "ఆ ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని, మొత్తం ఎన్ని గలేబులు మాడ్చావో ముందు అది చెప్పు" అంది.