ఇష్టపూర్వకంగా

కరీంనగర్‌లో పోటీ పరీక్షలకు తయారయ్యే పిల్లలకు ఇంగ్లీషు మాటల మూలాలు చెప్పడం నా బతుకుదెరువు. లాటిన్‌లో ‘వోలో’ అంటే కోరుకుంటున్నాను అని. వాలంటీర్, వాలంటరీ, మన మంచి కోరే బెనెవొలెంట్, చెడు కోరే మలెవొలెంట్, అన్నీ ఆ కడుపున పుట్టినవే. ‘వోటుమ్’ అనే ఇంకో మాటకు అర్థం మొక్కు. మనం వేసే ఓటు, దేవుడి మీది డివోషన్ అందులోంచి వచ్చాయంటే పిల్లలు నవ్వుతారు. “గందుకేనా మేడం, ఎలక్షన్లు రాంగనే లీడర్లు మనకు మొక్కుతరు?” అంటారు. నేనూ నవ్వుతాను. వాలంటరిలీ పక్కన ‘ఇష్టపూర్వకంగా’ అని రాసేటప్పుడు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఎవరి ఇష్టం ఎవరికి తెలిసి చచ్చింది!

మా ఇంట్లో నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. బాపు మస్కట్‌లో మేస్త్రీ పని చేసేవాడు. అక్కడే కిడ్నీలు పాడై ఆసుపత్రిలో పడ్డాడు. ఫోన్ వచ్చిన రోజే అవ్వ వేములవాడ రాజన్నకు కోడె మొక్కింది. మనిషి ప్రాణాలతో ఇల్లు చేరితే, సోమవారం నాడు ఆయన చేతులతోనే కోడె పగ్గం పట్టించి, గుడి చుట్టూ తిప్పించి కట్టేయిస్తానంది.

బాపు ఇల్లు చేరాడు. సోమవారం, గురువారం కరీంనగర్‌లో డయాలసిస్. రోజు మార్చమని బతిమాలాను, మిషన్ ఖాళీ లేదన్నారు. ఇక అవ్వ నస మొదలైంది. మొక్కు ఆపుకుంటే కీడంట, ఒక్క సోమవారం మిషన్ మానితే ఏమీ కాదంట. డాక్టరు మాత్రం ఒక్కటి తప్పినా గుండె మీదికి వస్తుందని కచ్చితంగా చెప్పాడు.

ఆ ఆదివారం అవ్వతో గొంతు పోయేలా కొట్లాడాను. “ఆయనను చంపుకుంటవా?” అని కూడా అన్నాను. మంచంలో పడుకున్న బాపు లేచి కూర్చున్నాడు.

“ఎందుకు లొల్లి? నా ఇష్టంతోనే పోతున్న బిడ్డా. ఎవ్వల బలవంతం లేదు” అన్నాడు.

మనిషి తన నోటితో అంత మాట అన్నాక నేనేం చేయను? నోరు మూసుకుని మర్నాడు వాళ్ళతో బస్సెక్కాను.

సోమవారం కదా, వేములవాడలో ఇసుక వేస్తే రాలనంత జనం. క్యూలోనే బాపు కాళ్ళు ఉబ్బాయి. పగ్గం అందుకుని సగం దూరం నడిచి, గోడకు ఆనుకుని కూలబడ్డాడు. కోడె కదలకుండా నిలబడింది. “జర నడువుండ్రి” అని వెనుకవాళ్ళు కసురుతున్నారు. అంబులెన్సు కరీంనగర్ చేరకముందే బాపు ఊపిరి ఆగిపోయింది.

పరామర్శకు వచ్చినవాళ్ళు రాజన్న సన్నిధిల పోయిండు, పుణ్యాత్ముడు అన్నారు. వాళ్ళ నోళ్ళు కుట్టేయాలనిపించింది. అయినా ఒక్క మాట పట్టుకుని నిలదొక్కుకున్నాను. ఆయన ఇష్టంతోనే పోయాడు. వచ్చిన ప్రతివాళ్ళకూ అదే చెప్పాను. అవ్వ పక్కనే కూర్చుని వినేది.

కొన్ని నెలల తరువాత ఒక మధ్యాహ్నం ఇద్దరం చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. ఏదో ఫోన్ వస్తే మళ్ళీ ఆ మాటే చెప్పి పెట్టేశాను. అవ్వ చేతులు ఆగిపోయాయి.

“గట్ల చెప్పకు బిడ్డా. ఇష్టంతోని పోలే.”

నాకు అర్థం కాలేదు.

“మనిద్దరి లొల్లి సూడలేక నీ ముంగట గట్లన్నడు. తెల్లారి నువ్వు తానానికి పోయినప్పుడు నా చెయ్యి పట్టుకున్నడు. ఊపిరాడుతలేదే, నన్ను మిషన్ కాడికే తోల్కపో, మొక్కు ఎప్పుడన్న తీర్చుకుందం అన్నడు.”

“నువ్వేమన్నవ్?”

“దేవునికిచ్చిన మాట తప్పిస్తవా అని మొత్తుకున్న.”

“మరి బాపు?”

“మల్లేమనలే. చెప్పులేసుకున్నడు.”