ఏడో నంబరు సాక్ష్యం

గని ఆఫీసులో ఆమెను అందరూ అనుమానాలక్క అంటారు. భూగర్భంలో విషవాయువును కొలిచే పన్నెండు పరికరాలు పంపే అంకెలు చూసి, ఏది అబద్ధమాడుతోందో తేల్చడం ఆమె ఉద్యోగం. భర్త గడియారం చూసి చెప్పిన టైమును కూడా మరో గడియారంతో సరిచూసుకునే మనిషికి ఇంతకన్నా తగిన కొలువు దొరకదు.

సోమవారం ఏడో నంబరు పరికరం వాయువు పెరిగిందని మొరపెట్టింది. తక్కిన పదకొండూ అంతా క్షేమమన్నాయి. ఎక్కువమంది మాటే నిజమని నియమావళి. ఆమె ఏడో నంబరును లెక్కలోంచి శాస్త్రోక్తంగా వెలివేసింది.

బుధవారం ఉదయం, గనిలోకి దిగబోతూ తమ్ముడు గదిలోకి తొంగి చూశాడు.

"ఏంటక్కా, నీ పిల్లలు బుద్ధిగా ఉన్నారా?"

"బంగారు కొండలురా! సోమవారం నుంచి ఒక్క అంకె కూడా మారలేదు."

అతను నవ్వుతూ దిగిపోయాడు. అప్పుడు తన మాటే ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. గాలన్నాక హెచ్చుతగ్గులుంటాయి. అంత నిలకడ బట్టీపట్టిన అబద్ధానికే సాధ్యం. ఎవరో కంప్యూటర్లలోకి చొరబడి పదకొండింటికీ ఒకే పాఠం నేర్పారు.

ఆమె సైరన్ మోగించింది. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"మళ్లీ అనుమానమేనా తల్లీ?"

"తప్పయితే తర్వాత తిట్టండి సార్. ముందు మనుషుల్ని పైకి రానివ్వండి."

అందరూ వచ్చారు. తమ్ముడు చివరివాడు, దగ్గు ఆగడం లేదు. చేతి మీటరుతో కొలిచి చూస్తే గాలి నిజంగానే విషమెక్కింది.

"ఎలా కనిపెట్టావక్కా?"

"నేను కాదురా, ఏడో నంబరు. సోమవారమే చెప్పింది."

"సోమవారమా? మరి నిన్నంతా మేము..."

దగ్గు అడ్డొచ్చి అతని మాట ఆగిపోయింది. ఆమె మంచినీళ్లు అందించింది, తలెత్తకుండా.