గ్వెన్ పక్కన గారు

కరక్కాయల కషాయంలో పచ్చిపాలు కలిపితే వచ్చే వాసనను ఎవరూ సువాసన అనరు. ఈ ఉదయం విశాఖపట్నంలో, నేను నడిపే బొమ్మల బడిలో, పిల్లలు బక్కెట్లో గుడ్డ ముంచీ ముంచగానే ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం వంగి గుండెల నిండా పీల్చుకున్నాను. వాళ్ళకది గొడ్ల చావిడి వాసన, నాకు దమ్మామ్ వాసన. అది తగిలితే చాలు, ఈ వయసులోనూ నా కాళ్ళు నేలమీద ఆగవు. వెనకనుంచి గ్వెన్ గారు "సుజాతా, మొదలుపెడదామా?" అని పిలిచినట్టే ఉంటుంది.

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ళ మాట. మా ఆయన సౌదీ అరేబియాలోని దమ్మామ్‌లో చమురు బావులకు యంత్రాలు బిగించే కంపెనీలో ఇంజనీరు. పెళ్ళయ్యాక నేనూ ఆయన వెంట వెళ్ళాను. శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్చుకున్న చేతులు నావి. అక్కడ చూస్తే నా ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, మీద పని చేయడానికి అనుమతి లేదని అచ్చువేసి ఉంది. ఉద్యోగం లేకపోతే పోయింది, ఆ మాట నా చేతులకు కూడా ఎక్కినట్టుంది, కలం పట్టుకోవాలనే ఊసే పోయింది. పైగా నాకక్కడ పేరు కూడా లేదు. కూరగాయల కొట్టు పఠాన్ నుంచి టాక్సీ డ్రైవరు దాకా అందరికీ నేను 'మద్రాసీ'నే. మద్రాసులో రైల్వే స్టేషను తప్ప ఇంకేమీ చూడలేదు మొర్రో అన్నా వినే నాథుడు లేడు. ఒళ్ళు మండిపోయేది.

మా కాంపౌండ్‌లో ఎదురు ఇల్లు గ్వెన్ గారిది. యాభై దాటిన మనిషి, బ్రిటిష్ పిల్లల బడిలో బొమ్మల టీచరు. జుట్టులో ఎప్పుడూ ఒక పెన్సిలు దోపి ఉండేది. డైటింగ్ అంటూ చక్కెర మానేసి, మా ఇంట్లో గారెలు మాత్రం వద్దనకుండా లాగించేవారు. మొదటిసారి టీకి పిలిచినప్పుడు, మర్యాదగా మాట కలుపుదామని, మీ ఇంగ్లీషువాళ్ళకు టీ అంటే ప్రాణమట కదా అన్నాను. ఆవిడ కప్పు కింద పెట్టేశారు. "నేను ఇంగ్లీషుదాన్ని కాదు సుజాతా, వేల్స్ దాన్ని. ఆ మాట మా నాయనమ్మ వింటే నీకు టీ చుక్క కూడా పొయ్యదు" అన్నారు. నేను నొచ్చుకోలేదు సరికదా, ఎగిరి గంతేసినంత పని చేశాను. నా మద్రాసీ గోడంతా వెళ్ళబోసుకున్నాను. ఆవిడకు నవ్వీ నవ్వీ పొలమారింది. ఇద్దరిదీ ఒకటే జబ్బని తేలాక ఇక మాకు అడ్డేముంది! నేను 'గ్వెన్ గారూ' అని పిలిస్తే ఆ చివరి ముక్క ఏమిటని అడిగారు. గౌరవానికి తగిలిస్తామని చెప్పాను. తన దేశంలో తనకెవరూ అలాంటిది తగిలించలేదని ఆవిడ మురిసిపోయారు.

ఆ రోజుల్లో విదేశీయుల కాంపౌండ్ల మీద దాడుల భయంతో మా గేటు ముందు సిమెంటు దిమ్మలు పెరుగుతున్నాయి, లోపల కుటుంబాలు తగ్గుతున్నాయి. వెళ్ళిపోయేవాళ్ళ కోసం ఒక సాయంత్రం వేడుక చేద్దామని, హాల్లో పెద్ద బ్రిటిష్ జెండా కడదామని అక్కడి బ్రిటిష్ వాళ్ళ కమిటీ అనుకుంది. జెండా బజార్లో దొరుకుతుంది, బ్రిటన్ దొరకదు కదా అన్నారు గ్వెన్ గారు. ఒకే పొడవాటి గుడ్డమీద, తమకు బ్రిటన్ అంటే ఏమిటో అందరూ కలిసి గీయాలి. ఒక్కటే షరతు. ఎవరు మొదలుపెట్టిన బొమ్మ వాళ్ళు పూర్తిచేయకూడదు. గంట కొట్టగానే లేచి పక్కవాళ్ళ బొమ్మ ముందు కూర్చోవాలి. నా చున్నీ మీది కలంకారీ చూసినప్పటినుంచీ ఆవిడ కన్ను దానిమీదే ఉంది. కలంతోనే గీయిద్దాం, నువ్వే నేర్పాలి, నువ్వూ గీయాలి అన్నారు. చచ్చుబడిన ప్రాణం లేచొచ్చింది నాకు.

అక్కడి బజారు సూక్‌లో మూలికల కొట్టువాడి దగ్గర కరక్కాయలు దొరికాయి. తుప్పుపట్టిన మేకులు, బెల్లం నీళ్ళలో వేసి కుండకు మూతకట్టి వెనక వరండాలో పెట్టాను. నల్ల సిరా అలాగే తయారవుతుంది. అది పులిసి నురగలు కక్కుతుంటే మా ఆయన ఆఫీసునుంచి వచ్చి వాసన చూసి బిక్కచచ్చిపోయారు. "ఏంటే ఇది, సారా కాస్తున్నావా? సౌదీలో ఉన్నాం సుజా, ఎగ్జిట్ కొట్టి పంపించేస్తారు మనల్ని" అన్నారు. మేకులు తీసి చూపించాక గానీ ఆయనకు ఊపిరి ఆడలేదు. ఇంకా విచిత్రం, ఆ వాసనకు ఆశపడి ఇద్దరు ఆంగ్లేయులు కప్పులతో సహా వచ్చి, మేకులు చూసి ఉసూరుమంటూ వెళ్ళారు.

చిక్కు రోజర్ గారితో వచ్చింది. కమిటీ పెద్ద, ఉత్తర ఇంగ్లండ్ మనిషి, మెత్తగా మాట్లాడతారు. "సుజాత నేర్పడం సంతోషమే. కానీ ఇది మన దేశం గురించిన గుడ్డ. దానిమీద మన చేతులే ఉండాలి" అన్నారు. నా ముందే అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. గ్వెన్ గారు జుట్టులోంచి పెన్సిలు తీసి బల్లమీద పెట్టారు. "కలం ఆమెది, సిరా ఆమెది. ఆమె కూర్చోకపోతే నేనూ కూర్చోను" అన్నారు. శుక్రవారం అందరి ముందే తేల్చుకుందామన్నారాయన. పరాయి దేశపు గుడ్డ మీద జానెడు చోటు కోసం నేనంత తపించిపోతానని ఎన్నడూ అనుకోలేదు.

శుక్రవారం హాల్లో గుడ్డ పరిచారు. కూర్చోమని ఎవరూ అనలేదు, నేను కలం పట్టుకుని గోడ పక్కనే నిలబడ్డాను, అన్న మాట ప్రకారం గ్వెన్ గారూ నా పక్కనే. మిగతా అందరూ ఒక్కసారిగా గీత పెట్టారు. వానలో తడిసే సముద్రపొడ్డు బెంచీ, జమైకానుంచి వచ్చిన తల్లి వండిన ఆదివారం భోజనం, రోజర్ గారి వీధిలో వరస ఇళ్ళ పొగగొట్టాలు. గీత పెట్టిన మరుక్షణం సిరా పాకడం మొదలుపెట్టింది. బెంచీ పోయి భోజనంలో కలిసింది. గుడ్డ ముంచే పాలలో వెన్న ఉంటేనే సిరా గీత దాటదు. గేదె పాలు దొరకవు కనుక అల్ ఖర్జ్ డెయిరీల నుంచి వచ్చే చిక్కటి ఆవుపాలు తెమ్మని గ్వెన్ గారికి చెప్పాను. అలవాటు కొద్దీ ఆవిడ తన డైటింగ్ పాలు తెచ్చారు, వెన్న పూర్తిగా తీసినవి! నేను సీసాలు చూసుకోలేదు. అందరూ నావైపే చూశారు. గ్వెన్ గారు చెయ్యెత్తి, పాలు తెచ్చింది తనేనని చెప్పి, ఆ మరుక్షణం గుడ్డమీదికి వంగి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్న బొమ్మలను చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. గీసేవాళ్ళలో ఒక స్కాట్లండ్ ఆయన తీరిగ్గా అన్నాడు, "పోనీలే, ఇంగ్లండ్ ఎక్కడ అయిపోతుందో ఇవాళ్టికి ఎవరికీ తెలియదు." హాలంతా గొల్లుమంది.

రోజర్ గారు నవ్వలేదు. తన పొగగొట్టాల దగ్గరే ఆగిపోయారు. సిరా పైకి పాకి ఇళ్ళమీద మసకగా పరుచుకుంది. చాలాసేపు చూసి, "మా అమ్మ బట్టలారేసే పొద్దుట పొగమంచు అచ్చం ఇలాగే ఉండేది. నేను గీద్దామనుకున్నా నాకు రాదు" అన్నారు. అప్పుడే గంట కొట్టారు. అందరూ పక్కకు జరిగారు. ఆయన పక్కన కూర్చోవాల్సిన గ్వెన్ గారు నిలబడే ఉన్నారు కనుక, ఆయన బొమ్మ ముందు కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన ఆ కుర్చీ వెనక్కి లాగి నావైపు తిరిగారు. "రా సుజాతా. ఇది పూర్తిచేయాల్సింది నువ్వే" అన్నారు.

ఆ పొగమంచులో నేనొక తాడు కట్టి, తడి బట్టలు ఆరేశాను. నాకు ఒక్క గీత తప్పలేదు.

చివర సంతకాలు. నా దగ్గర నేర్చుకున్న తెలుగు అక్షరాలతో గ్వెన్ గారు 'గ్వెన్' అని రాసి, పక్కన 'గారు' కూడా మొదలుపెట్టబోయారు. మన పేరుకు మనమే గారు తగిలించుకోకూడదు, ఎదుటివాళ్ళే తగిలించాలి అని ఆపాను. ఆవిడ కళ్ళు మెరిశాయి. మరి మన షరతూ అదేగా అంటూ కలం నా చేతిలో పెట్టారు. 'గారు' నేను రాశాను. నా పేరులో 'సు' మాత్రం నేను రాస్తే, 'జాత' వంకర టింకరగా ఆవిడ రాశారు. తర్వాతి ఏడు ఆవిడ వెళ్ళిపోయారు, ఆ గుడ్డ ఆవిడతోనే వెళ్ళింది.

ఈ సాయంత్రం మా పిల్లల గుడ్డ ఆరింది. అంచున నా పేరు రాయమన్నారు. నేను 'సు' అని రాసి, పొద్దున అందరికన్నా గట్టిగా ముక్కు మూసుకున్న పిల్లను పిలిచి కలం అందించాను.