కూసోండ్రి

మా ముత్తాత పన్నెండూళ్ళకు దేశ్‌ముఖు. ఆయన గుర్రం దిగితే గాని కచేరీ మొదలయ్యేది కాదు. మా తాతకు ఆ ఊళ్ళతో పాటు రెండంతస్తుల గడి, దాని ముందు ఎవరూ చెప్పులతో నడవకూడని వీధి దక్కాయి. మా నాన్న వకాలతు చదివి, మా భూముల కేసులు తానే వాదించి, అన్నీ ఓడిపోయాడు. నేను చిక్కడపల్లిలో రెండు గదుల కిరాయి ఇంట్లో అమ్మతో ఉంటూ, నారాయణగూడలో ఒక బడిలో ఇంగ్లిషు చెప్పేవాణ్ణి. నడుం వంచి నడిచానని మాత్రం ఎవరూ అనలేదు.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం గొడవల వల్ల ఊళ్ళో బళ్ళు మూతపడ్డాయి. మధ్యాహ్నాలు నేను అశోక్‌నగర్‌లో ఒక కంట్రాక్టరు ఇంటికి మూడు ముక్కలాటకు వెళ్ళేవాణ్ణి. అతని తండ్రి మా గడిలో గుమాస్తా. గడి సామాను వేలానికి వచ్చినప్పుడు మా తాత కుర్చీని కొన్నది ఈ కంట్రాక్టరే. సింహపు పంజాల కాళ్ళు, దంతం పొదిగిన చేతులు. అతను అందులో కూర్చుని ముక్కలు పంచేవాడు. నేను ఎదురుగా ఇనుప మడత కుర్చీలో కూర్చునేవాణ్ణి. పొద్దుపోక వస్తున్నానని వాళ్ళనుకున్నారు. నేను వెళ్ళింది ఆ కుర్చీ కోసం.

ఆట తేలిక. తలా మూడు ముక్కలు. నచ్చితే పందెం పెంచాలి, నచ్చకపోతే ముక్కలు పారేయాలి. ఇద్దరే మిగిలినప్పుడు, ఎదుటివాడి పందానికి సరిపడా పెట్టినవాడు షో అడగవచ్చు. పారేసినవాడికి మాత్రం ఎదుటి ముక్కలు చూసే హక్కు లేదు.

కంట్రాక్టరు ముక్కలతో కంటే నోటితో ఎక్కువ ఆడేవాడు. మూడో మనిషి సర్కారు ఆఫీసులో పనిచేసే గుంటూరు ఆయన. ఆయన చేతిలో మంచి ముక్కలున్నా ఈ మాటలకు బెదిరి పారేసేవాడు.

"మీరు వాపస్ పోతరంట గద సార్. ఆ పైసలు మోసుకపోవుడెందుకు, ఈడనే పెట్టిపోండ్రి."

"పోదామన్నా బస్సులు తిరగాలి కదండీ" అంటూ ఆయన ముక్కలు బోర్లించేవాడు.

తర్వాత నా వంతు. "ఏంది దొరా, మాట్లాడవు? మాటకు సుంకం కడ్తున్నవా?"

నేను జవాబు చెప్పేవాణ్ణి కాదు. గడిలో మా తాత కూడా ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఆ సంగతి ఒక రోజు కంట్రాక్టరే ఎత్తాడు.

"సార్, మీకు ఎరుకలేదు. గడిల అందరు నిలవడుడే. వీళ్ళ తాత ఎవరినీ 'మీరు' అన్నోడు కాదు. అసొంటోడు ఎవరినన్న చూసి మెల్లగ 'కూసోండ్రి' అన్నడా, ఆనాటికి ఆని భూమి ఒడిసినట్టే. కాయితాలు అప్పటికే తయారుండేటివి. మా నాయిన చెప్తుండె, ఆ మాట ఇంటె పెద్ద పెద్దోళ్ళకు చెమట్లు పోసేటివట."

గుంటూరు ఆయన నవ్వాడు. కంట్రాక్టరూ నవ్వాడు గాని, నవ్వుతూనే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. నేను ఆ చేతులనే చూశాను.

నా దగ్గర తాత గొలుసు గడియారం ఉండేది. కంట్రాక్టరుకు దాని మీద కన్ను. "కుర్చీ ఈడ, గడియారం ఆడ. జోడి కలిస్తె ముద్దుగుంటది దొరా" అని రోజూ గిల్లేవాడు. ఒక మధ్యాహ్నం ముక్కలు పంచకముందే గడియారం విప్పి బల్ల మీద పెట్టాను.

"కుర్చీ పెట్టు" అన్నాను.

"పెట్టిన. సార్, మీరే సాక్షి."

పంచాడు. నాకు వచ్చినవి రెండు, అయిదు, తొమ్మిది. రంగు కూడా కలవలేదు. అంతకంటే చెత్త ముక్కలు ఆ నెలలో నేను చూడలేదు. గుంటూరు ఆయన అలవాటుగా పారేశాడు. కంట్రాక్టరు తన ముక్కలు చూసుకుని మీసం దువ్వుకున్నాడు.

నేను మా ముద్రటుంగరం తీసి గడియారం పక్కన పెట్టాను. తాత దస్తావేజుల మీద వేసిన ముద్ర అదే.

"దీనికి సరిపడేది పెట్టి షో అడుగు."

"సరిపడేదా? నా స్కూటరు చాలదా?" అన్నాడు. పేరు నమోదు చేసుకుని ఏళ్ళు ఎదురుచూస్తే వచ్చిన స్కూటరది. రోజూ పొద్దున తానే తుడుచుకునేవాడు. తాళంచెవి ప్యాంటు జేబులో ఉంది. తీయడానికి కుర్చీలోంచి సగం లేచాడు.

నేను వెన్ను ఆనించలేదు, గొంతు పెంచలేదు. ఎన్నడూ 'నువ్వు' తప్ప అనని మనిషిని చూసి, మెల్లగా అన్నాను.

"కూసోండ్రి."

చెయ్యి జేబులోనే ఆగిపోయింది. నేను చెప్పినట్టే కూర్చున్నాడు. నా ముఖం చూశాడు, ఉంగరం చూశాడు, మళ్ళీ నా ముఖం చూశాడు. పైకండువాతో మెడ తుడుచుకున్నాడు.

"మూడు రాజులు వచ్చినయా ఏంది?"

నేను ఉంగరాన్ని వేలితో అతని వైపు కాస్త జరిపాను.

"స్కూటరు మీద ఆశ పెట్టుకోకు దొరా" అని ముక్కలు పారేశాడు. పడేటప్పుడు తిరగబడ్డాయి. జత రాణులు, ఒక నాలుగు. "జర చూపియ్యి నీయి."

"పారేశాక చూడకూడదండీ. మీరు పెట్టిన రూలే" అన్నాడు గుంటూరు ఆయన. నా ముక్కలు పేకలో కలిపేసి, ఉంగరం తొడుక్కుని, కుర్చీ కోసం నిలబడ్డాను. కంట్రాక్టరు లేవక తప్పలేదు.

కుర్చీని సైకిల్ రిక్షాలో ఎక్కించి, చిక్కడపల్లి దాకా పక్కన నడిచాను. గుంటూరు ఆయన కూడా వచ్చాడు.

"నిజం చెప్పండి. మూడు రాజులేనా?"

"ఏమీ లేవు."

"పెద్దింటివాళ్ళు అబద్ధం ఆడకూడదండీ" అని నొచ్చుకున్నాడు. గ్రంథాలయం దగ్గర జనం తిరిగి చూశారు. ఆ దారిలో నేను అంత తిన్నగా ఎన్నడూ నడవలేదు.

అమ్మ కొంగుతో దుమ్ము తుడిచింది. గడిలో దర్బారు గదికి ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు కాదు. ఆమె ఆ కుర్చీని ముట్టడం అదే మొదలు.

"కూసోండ్రి" అన్నాను.

"మీ తాత మాట నాకెందుకురా, జరుగు" అని కూర్చుంది. సాయంత్రం చాయ్ అందులోనే తాగింది.

కుర్చీ ఇప్పటికీ మా ముందు గదిలోనే ఉంది. గడియారాన్ని మరుసటి ఏడు నారాయణగూడలో అమ్మేశాం.