వెనక బకెట్టుని ఎవరు కదిపారు

ఆమెను అందరూ ట్రాక్టర్ వదిన అనేవారు. వరస కలవనివాళ్ళు కూడా అలాగే పిలిచేవారు. ఒక చిన్న ట్రాక్టరు, దాని వెనక తగిలించే తవ్వుడు బకెట్టు, ఇవే ఆమె బతుకుతెరువు. పైపులకి కాలవలు, పునాదులకి గుంతలు, మొక్కలకి గోతులు తవ్వేది. భర్త దర్జీ. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కుట్టే అలవాటు వల్లనో ఏమో, మాట చాలా పొదుపు. ఆయన పొదుపు చేసిన మాటలన్నీ కలిపి ఆమె ఖర్చు పెట్టేది.

ఆమెకున్నది ఒకటే జబ్బు, అనుమానం. పాలు పోయించుకున్నాక గిన్నె వంచి అడుగు చూసేది. కూరగాయల తక్కెడ కింద చెయ్యి పెట్టి తడిమేది. చుట్టం నవ్వితే ఎందుకు నవ్వాడని, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని ఆరా తీసేది. దానికి కారణం లేకపోలేదు. ఆమె తండ్రి మోటార్లు బాగుచేసేవాడు. సొంత తమ్ముడిలా చూసుకున్న భాగస్వామి ఒక పొద్దున పనిముట్ల పెట్టెతో సహా మాయమయ్యాడు. ఖాళీ బల్ల ముందు తండ్రి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడిపోవడం ఆమె చిన్నతనంలో చూసింది.

వానలు పడితే నేల బురదై తవ్వకాలు ఆగిపోతాయి. అప్పుడు బకెట్టు విప్పి షెడ్డులో పెట్టి, గడ్డి కోసే పరికరం తగిలించుకుని ఆటస్థలాలకీ ఆఫీసుల ఆవరణలకీ పనికి వెళ్ళేది. ఆ షెడ్డులోనే మరోపక్క ఆమె మరిది కిటికీ చట్రాలు, గేట్లు చేసేవాడు. వెల్డింగు పని.

ఆ ఏడు బకెట్టు విప్పుతున్నప్పుడు మరిది పక్కన ఒక కొత్త మనిషి నిలబడి ఉన్నాడు. పాత యంత్రాలు కొని అమ్ముతాడట. సంతలో ఎద్దుని చూసినట్టు బకెట్టు చుట్టూ తిరిగి, "ఇలాంటివి ఇప్పుడు దొరకడం లేదండీ" అన్నాడు.

ఆ చూపు ఆమె కనిపెట్టింది. పైకి మాత్రం పనిలో మునిగినట్టే ఉంది. సిమెంటు నేల మీద ట్రాక్టరుని తిన్నగా నిలిపి, బకెట్టుకి రెండువైపులా ఉన్న ఇనుప కాళ్ళు దించింది. బకెట్టు నేలకి ఆనేలా వంచింది. బరువు కాళ్ళ మీదకి వచ్చాక బండికి పట్టి ఉంచే పిన్నులు లాగి, లివరుతో బకెట్టు చట్రాన్ని కొంచెం లేపి కొక్కేల నుంచి తప్పించింది. ఇంజను ఆపి, ఆయిలు గొట్టాల్లో ఒత్తిడి పోయేదాకా లివర్లు అటూ ఇటూ ఆడించింది. గొట్టాలు ఊడదీసి, దుమ్ము లోపలికి పోకుండా మూతులకి మూతలు బిగించింది. తర్వాత ట్రాక్టరుని మెల్లగా ముందుకి నడిపింది. బకెట్టు ఒంటరిగా ముక్కాలిపీటలా నిలబడింది.

"సాయం చెయ్యమంటారా వదినా?" అన్నాడు మరిది.

"నీ పని నువ్వు చూసుకో నాయనా."

ఏటా పిన్నులన్నీ వాటి చోట్లలోనే గుచ్చి వెళ్ళేది. ఈసారి మాత్రం మగవాళ్ళిద్దరూ అటు తిరగగానే, బండికి తగిలించే పిన్నులతో పాటు, కాళ్ళు జారకుండా అడ్డంగా వేసే పిన్నులు కూడా పీకి సంచిలో వేసుకుంది. పిన్నులు లేకుండా ఎవడు పట్టుకుపోతాడో చూద్దాం అనుకుంది. ఇంటికెళ్ళి బట్టల పెట్టె అడుగున దాచింది. షెడ్డులోంచి వచ్చేముందు బకెట్టు కాళ్ళ చుట్టూ సుద్దతో గీతలు గీయడం కూడా మర్చిపోలేదు.

కొన్నాళ్ళకి వెళ్ళి చూస్తే ఒక కాలు గీత దాటి ఉంది. బకెట్టు ఎడమకి కాస్త ఒరిగింది.

"ఎవరో కదిపారండీ" అంది భర్తతో.

ఆయన సూదులు నోట్లోంచి తీశాడు. "గాలికి కదిలిందేమో."

"అది లంగా కాదండీ, ఇనుము!"

ఆయన మళ్ళీ సూదులు నోట్లో పెట్టుకున్నాడు.

ఆమె ఆయన దగ్గరే నల్లదారం తీసుకెళ్ళి, చట్రానికీ స్తంభానికీ మధ్య బిగించి కట్టింది. తర్వాతి వారం దారం తెగి వేలాడుతోంది. మరిది తల వంచుకుని ఏదో గేటు అతుకుతున్నాడు, ఆమె వైపు చూడలేదు. చూడకపోవడమే ఆమెకి సాక్ష్యమైంది. తోడికోడలు ఎదురుపడితే వదిన ముఖం తిప్పుకుంది. తోడికోడలు కూడా తిప్పుకుంది. దొంగ బుద్ధి అంటే ఇదే అనుకుంది వదిన.

ఒక ఆదివారం అందరూ ఒకచోట భోజనానికి కూర్చున్నప్పుడు ఇక ఆపుకోలేకపోయింది.

"బేరం ఎంతదాకా వచ్చింది మరిదీ? నా బకెట్టు ఎప్పుడు తీసుకెళ్తున్నాడు నీ స్నేహితుడు?"

మరిది కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. "ఇంత మాట అన్నాక ఆ షెడ్డులో అడుగు పెట్టను వదినా" అని లేచిపోయాడు. మర్నాడే సామాను తీసుకుపోయి సొంత ఇంటి వసారాలో పని పెట్టుకున్నాడు. బరువైన ఇనుప బల్ల, దాని పక్కన చెక్కపీట మాత్రం మిగిలాయి.

షెడ్డుకి కొత్త తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది వదిన. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. వారం తర్వాత తలుపు తీస్తే బకెట్టు మునుపటికంటే మరింత ఒరిగి ఉంది.

తాళంచెవి తన దగ్గరే. ఇంట్లో ఉన్నది ఇంకొక్కరే. సాయంత్రం భర్త ముందు నిలబడింది.

"నిజం చెప్పండి. మీరేనా?"

"నేనా? ఆ మిషనుకి దారం ఎక్కడ ఎక్కించాలో కూడా నాకు తెలీదే!"

మర్నాడు పనికి వెళ్ళకుండా షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చుంది. బయట వాన. మధ్యాహ్నం దాటేదాకా ఏమీ లేదు. అప్పుడు 'కిర్' మని చప్పుడైంది. చట్రం నువ్వుగింజంత దిగింది. ఆమె లేచి వంగి చూసింది. ఎడమ కాలు సిలిండరు దగ్గర ఆయిలు చెమటలా పట్టి ఉంది. ఆయిలుని ఆపే లోపలి సీలు అరిగి, ఆయిలు జారుతున్నకొద్దీ కాలు ముడుచుకుంటోంది. అడ్డం పిన్ను ఉంటే అది ఆగేది. ఆ పిన్ను బట్టల పెట్టెలో, తన చీరల కింద ఉంది.

ఒక్కసారిగా కాలు పూర్తిగా జారింది. ఆమె వెనక్కి గెంతింది. చట్రం మరిది బల్ల మీద పడింది. బల్ల వంగింది, పక్కనే అతను కూర్చునే చెక్కపీట ముక్కలైంది. అతను దాని మీద కూర్చుని ఉంటే ఏమయ్యేది అనుకుంది ఆమె.

తర్వాత వానలో తడుస్తూనే మరిది ఇంటికి వెళ్ళింది. వసారాలో అతను ఇనుము కోస్తున్నాడు. తోడికోడలు గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

"పిన్నులు నేనే తీసేశాను. అది దానంతటదే ఒరిగింది" అంది వదిన. "నీ మీద నింద వేశాను. తప్పు నాదే. ఇప్పుడు బకెట్టు నీ బల్ల మీద పడి ఉంది."

మరిది కోత యంత్రం ఆపాడు. "ఒరగడం నేనూ చూశాను."

"చూశావా! మరి చెప్పలేదేం?"

తోడికోడలే అందుకుంది. "ఎలా చెప్తారక్కా? మమ్మల్ని షెడ్డులోంచి వెళ్ళగొట్టడానికి మీరే దాన్ని రోజూ కాస్త కాస్త ఇటు జరుపుతున్నారనుకున్నాం."

ముందు తోడికోడలికే నవ్వొచ్చింది. మరిది మాత్రం నవ్వలేదు. లోపలికెళ్ళి గొలుసు కప్పీ భుజాన వేసుకుని, "పదండి" అన్నాడు.

దూలానికి గొలుసు కట్టి ఇద్దరూ చట్రాన్ని లేపారు. కింద మందపాటి చెక్కదిమ్మలు పేర్చారు. ఆమె పిన్నులు తెచ్చి వాటి చోట్లలో దిగగొట్టింది. తుప్పు పట్టకుండా బయటికి కనిపించే కడ్డీలకి గ్రీజు పూసి, పైన టార్పాలిన్ కప్పింది. ఆ పాత యంత్రాల వ్యాపారి ఎందుకొచ్చాడో కూడా అప్పుడే తెలిసింది. అతనికి కావలసింది తన కొట్టుకి ఒక గేటు.

బల్ల సరిచేయించి ఇస్తానంది. మరిది ఒప్పుకోలేదు. షెడ్డుకి తిరిగి రమ్మంది. దానికీ వెంటనే ఒప్పుకోలేదు. రోడ్డుపక్కన వసారాకి గిరాకీ బాగుందన్నాడు. అది నిజమో, మనసు విరిగిందో ఆమెకి తెలియలేదు, అడగలేదు. ఆమె ఒక అనుమానాన్ని అడగకుండా వదిలేయడం అదే మొదలు.

వానలు తగ్గాక సీలు మార్పించింది. బకెట్టు తగిలించే రోజు మరిది తనంతట తానే వచ్చి వెనక నిలబడ్డాడు. "రండి, రండి, కొంచెం కుడికి, ఆగండి" అంటూ చెయ్యి ఊపాడు. కొక్కేలు సరిగ్గా కుదిరాయని అరిచాడు. ఆమె ఇంజను ఆపి, దిగి, వంగి, రెండువైపులా తన కళ్ళతో చూసుకుంది. చూసి లేచేసరికి మరిది ఎదురుగా ఉన్నాడు. ఆమె ముఖం చిన్నబోయింది.

"చూసుకోండి వదినా" అన్నాడు అతను, పిన్ను అందిస్తూ. "ఇది మాత్రం చూసుకోవాల్సిందే."