చావింట్లో అడిగిన ప్రశ్న

కృష్ణా జిల్లాను విడదీసి మా ప్రాంతాన్ని కొత్త జిల్లాలో కలిపిన ఏడాది, వానలు వెనకబట్టాక, నందిగామలో నేను పనిచేస్తున్న కళాశాలలో సోషల్ వర్క్ విభాగం ఫీల్డ్ వర్క్ సూపర్‌వైజర్‌గా నన్ను వేశారు. అప్పటికి ఇరవై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. పదవీ విరమణకు ఏడాదిన్నర మిగిలింది.

మా చదువులో విద్యార్థి వారానికి రెండు రోజులు తరగతి మాని ఒక ఊళ్ళో పనిచేయాలి. కష్టంలో ఉన్న కుటుంబాన్ని కలిసి, మాట్లాడి, అంతా రికార్డులో రాయాలి. సూపర్‌వైజర్ అది చదివి, విద్యార్థితో చర్చించి, సంతకం పెట్టాలి. మేము కలిసే మనిషిని క్లయింట్ అంటాం. మొదటి ఇంటర్వ్యూకి ఐదు పేజీల ఫారం ఉండేది. ఎక్కడో తయారైనదాన్ని మేము తెలుగు చేసుకున్నాం.

ఆ సంవత్సరం కీర్తన అనే విద్యార్థినిని పెనుగంచిప్రోలు దగ్గరి ఒక ఊరికి పంపాను. విజయవాడలో పుట్టి పెరిగిన అమ్మాయి. చురుకైనది. (ఇందులో పేర్లన్నీ మార్చాను.) ఆమె వెళ్ళడం మొదలుపెట్టిన మూడో వారంలో ఆ ఊళ్ళో యేసోబు అనే కౌలు రైతు మిరప చేనుకు నీళ్ళు పెట్టబోయి, మోటారు దగ్గర కరెంటు షాక్ కొట్టి చనిపోయాడు. భార్య కరుణకు ముప్పై దాటలేదు. చనిపోయిన నాలుగో రోజు గురువారం. కీర్తన ఫీల్డ్ వర్క్ రోజు. ఫారం తీసుకుని వెళ్ళింది.

ఇంటి నిండా ఆడవాళ్ళున్నారు. కీర్తన కుర్చీ అడిగి తీసుకుని, కరుణ ఎదురుగా కూర్చుని, ఫారంలో ఉన్న వరుసలోనే అడిగింది. నిద్ర పడుతోందా? ఆకలి వేస్తోందా? చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా? కరుణ నోరు విప్పలేదు. చివరికి, ఇంటర్వ్యూ ముగించేటప్పుడు తర్వాతి భేటీ తేదీ చెప్పాలన్న నియమం ప్రకారం, "మళ్ళీ గురువారం వస్తానండి" అని లేచింది. కరుణ అత్తగారు కీర్తన వెనకే వచ్చి తలుపు వేసేసింది.

రికార్డులో కీర్తన "క్లయింట్ సహకరించలేదు" అని రాసింది. మర్నాడు ఉదయం నేను చదివి, "పరిచయం ఇంకా పెంచుకోవాలి" అని పక్కన రాసి సంతకం పెట్టాను.

ఆ మధ్యాహ్నమే సువార్తమ్మ అనే ఆవిడ విభాగానికి వచ్చింది. ఆ ఊళ్ళో మిరపకాయ కోతలకు ఆడకూలీల ముఠాను నడిపే మేస్త్రి. అరవై ఏళ్ళ మనిషి. ఆటో మీద, బస్సు మీద వెతుక్కుంటూ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీ పిల్లని పంపొద్దని చెప్పటానికి రాలేదండి. ఎట్టా రావాలో నేర్పి పంపమని చెప్పటానికొచ్చా" అంది.

ఏం జరిగిందని అడిగాను.

"చావింటికొచ్చి కుర్చీ అడుగుద్దా అండి ఎవరన్నా? మేమంతా కింద కూచునున్నాం. పోయేటప్పుడు మళ్ళీ వస్తానంది. ఆ ఇంటికి మళ్ళీ ఎందుకు రావాలండి? ఇంకో చావుకా?"

చావింటి నుంచి బయల్దేరేటప్పుడు వెళ్ళొస్తానని అనకూడదని నాకు తెలుసు. చిన్నప్పుడే మా అమ్మ నేర్పింది. కానీ ఇరవై ఏళ్ళలో ఒక్క విద్యార్థికీ నేను ఆ మాట చెప్పలేదు. అది సిలబస్‌లో లేదు.

పక్కనే నిలబడి వింటున్న కీర్తన కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. సువార్తమ్మ ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఏడవబాకమ్మా. నువ్వడిగింది తప్పు కాదు. ఆ చచ్చిపోయే మాట నాకూ అనుమానంగానే ఉంది. ఐదు రోజులైంది, మెతుకు ముట్టలా. నిన్న పొద్దున ఒక్కతే చేనుకి బయల్దేరితే మా కోడలు వెనక్కి తీసుకొచ్చింది. అడగాల్సిందే. పదిమందిలో, ఆ కాగితం చూసి కాదు." ఆదివారం ఆదరణ కూడిక ఉందనీ, ఇద్దరూ రమ్మనీ చెప్పి వెళ్ళిపోయింది.

ఆదరణ కూడిక అంటే క్రైస్తవుల్లో మనిషి పోయిన ఇంట్లో చర్చి సంఘం వాళ్ళు, బంధువులు చేరి పాటలు పాడి, ప్రార్థన చేసి, కలిసి భోజనం చేయడం. నేను హిందూ కుటుంబం నుంచి వచ్చినదాన్ని. పిలిస్తే వెళ్ళడమే గాని, అందులో మా వృత్తికి పనికొచ్చేది ఏముందో అంతకుముందు గమనించలేదు. ఆదివారం ఫారం లేకుండా వెళ్ళాం. సువార్తమ్మ కీర్తనను వంట దగ్గర కూర్చోబెట్టి ఉల్లిపాయలు తరగమంది. మూడు గంటల పాటు ఎవరూ కరుణను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆమె పక్కన కాసేపు కూర్చుని, యేసోబు గురించి ఏదో ఒకటి చెప్పి లేచారు.

జనం పలచబడ్డాక సువార్తమ్మ కంచంలో అన్నం కలిపి తెచ్చి ముద్ద అందించింది. కరుణ మొహం తిప్పుకుంది. అప్పుడు నోరు తెరిచింది.

"అన్నం ముందు కూచున్నోణ్ణి నేనే లేపా పిన్నీ. కరెంటొచ్చింది, పోయి మోటరేసి రా, వచ్చి తిందువు గాని అన్నా. నా మాట విని లేచాడు. నేనెట్టా తినను?"

సువార్తమ్మ సర్దిచెప్పబోలేదు. ముద్ద కంచంలో పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. తర్వాత నా వైపు చూసింది. నేను కీర్తన వైపు చూశాను. కీర్తన కింద కూర్చునే దగ్గరికి జరిగి, మెల్లగా, "చచ్చిపోదామనిపిస్తోందా అక్కా?" అంది.

"రోజూ" అంది కరుణ. "చేనుకాడ కొట్టంలో మందు డబ్బాలున్నయ్."

ఆ తర్వాత చేయవలసినవి వెంటవెంటనే చేశాం. సాయంత్రంలోగా పురుగుమందు డబ్బాలన్నీ సువార్తమ్మ ఇంటికి చేర్చి తాళం వేశారు. కరుణను ఒంటరిగా ఉంచకుండా ముఠాలోని ఆడవాళ్ళు వంతులు వేసుకున్నారు. మర్నాడు జగ్గయ్యపేటలో డాక్టరుకు చూపించి, ఆయన సలహాతో విజయవాడలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆసుపత్రిలో ఎవరితో ఏం మాట్లాడాలో, చీటీలు ఎక్కడ రాయించాలో కీర్తన చూసుకుంది. అది ఆమెకు మేము బాగానే నేర్పాం. కరుణ తేరుకోవడానికి నెలలు పట్టింది. మందులు వాడింది. మధ్యలో ఒకసారి తిండి మానేసింది. మిరప కోతల నాటికి సువార్తమ్మ ముఠాలో పనికి వెళ్ళడం మొదలుపెట్టింది.

మొదటి ఫీల్డ్ వర్క్‌కి ముందు రెండు రోజులు సువార్తమ్మ చేత శిక్షణ ఇప్పించాలని విభాగంలో ప్రతిపాదించాను. డిగ్రీ లేని మనిషిని శిక్షకురాలిగా ఎలా చూపిస్తామని అభ్యంతరం వచ్చింది. మూడుసార్లు నోట్ పెడితే గాని ఒప్పుకోలేదు. ఆవిడ చెప్పినవి రాసుకుంటే ఒక పేజీ కూడా నిండదు: ఇంటివాళ్ళు ఎక్కడ కూర్చుంటే అక్కడే కూర్చో. పని కనిపిస్తే చెయ్యి. పోయిన మనిషి పేరెత్తడానికి భయపడకు. అడగాల్సింది అడక్కుండా మాత్రం రాకు.

ఈ చివరి మాట కొందరు విద్యార్థులకు అర్థమవడానికి సమయం పట్టింది. స్థానిక పద్ధతి అంటే బాధపెట్టే ప్రశ్నలు మానుకోవడమని వాళ్ళు అనుకునేవారు. నేను వాళ్ళకు కరుణ సంగతి చెప్పేదాన్ని. చనిపోవాలని ఉందా అని ఆమెను నేరుగా అడగాలని పుస్తకం చెప్పింది. ఆమెను జవాబు చెప్పగలిగే స్థితికి తీసుకొచ్చింది ఆ ఊరి ఆడవాళ్ళు. రెండింటిలో ఏది లేకపోయినా ఆమె బతికేది కాదని నా అంచనా.